మగ్గం గుంజ మీద పిల్లి మూత్రం: ఇది కక్షా, జబ్బా, మరొకటా?

ప్రశ్న: బరంపురం నుంచి, నేత ఇంటి కోడలు

అందరికీ నమస్కారం. మాది తాతల నాటి నుంచి పట్టు నేసే ఇల్లు. ముందు గదిలో గుంటమగ్గం ఇప్పటికీ ఆడుతోంది, మా మామగారే దాని మీద కూర్చుంటారు. నిరుడు శ్రావణంలో పెరటి కట్టెల మోపుల మధ్య తల్లి వదిలిపోయిన మూడు వారాల మగ పిల్లికూన దొరికితే, దూది వత్తితో పాలు పట్టి నేనే పెంచాను. పేరు చిన్నోడు. పక్కింటి ఒడియా పిల్లలు బిలేయి అని పిలిచినా పలుకుతాడు. ఇప్పుడు ఏడాది నిండబోతోంది.

మొన్నటి మా ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్ర వరకు వాడితో మాకు ఏ ఇబ్బందీ లేదు. రెండేళ్లకోసారి జరిగే ఆ యాత్రలో దాదాపు నెల రోజుల పాటు వీధిలో డప్పులు, వేషాలు, ఇంట్లో చుట్టాల రాకపోకలు ఉంటాయని ఈ ప్రాంతం వారికి తెలిసినదే. ఆ రోజుల్లోనే మొదటిసారి మగ్గం ఎడమ గుంజ తడిగా, ఘాటైన వాసనతో కనిపించింది. తర్వాత కిటికీ కింది గోడ, ఆ తర్వాత రెండుసార్లు మా అత్తగారి మడత దుప్పటి కూడా తడిశాయి. యాత్ర ముగిసి చుట్టాలు వెళ్లిపోయినా ఇది ఆగలేదు. వాడికి పెరటి వసారాలో ఇసుక పోసిన చిన్న ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంది, మలవిసర్జనకు ఇప్పటికీ అక్కడికే వెళ్తాడు.

రెండవ ఇబ్బంది కరవడం. మామగారు గుంటలో కాళ్లు పెట్టి పలకలు తొక్కుతూ ఉంటే, వాడు మగ్గం కింద చీకట్లో పొంచి ఉండి ఒక్కసారిగా వచ్చి మడమ పట్టుకుంటాడు. గత వారం ఇంకా భయపడే సంగతి జరిగింది. కిటికీ బయట ప్రహరీ మీద ఒక పెద్ద నల్ల గండుపిల్లి కూర్చుని ఉంది, మావాడు ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటున్నాడు. ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్దామని చేయి వేయగానే నా బొటనవేలి కింద లోతుగా కరిచాడు. నేను పెంచిన ప్రాణి నన్ను కరవడం చాలా బాధ కలిగించింది.

రాత్రి మూడున్నరకు తలుపు దగ్గర ఒకటే అరుపు. ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరగడమంటే ఏమిటో ఈ రెండు నెలల్లో కళ్లారా చూశాము.

చేసిన తప్పులు కూడా చెప్పాలి. మొదట్లో చీపురుతో కొట్టాను, తడిసిన చోటికి ముక్కు ఆనించి మందలించాను, రోజూ ఫినాయిల్‌తో కడుగుతున్నాను. చుట్టాలకు వాడి గది ఇచ్చినందుకు మన మీద కక్ష కట్టాడని అత్తగారు అంటున్నారు. పట్టు పోగుల మీద మూత్రం పడితే ఆ పడుగు ఇక పనికిరాదు కనుక మామగారి ఓపిక కూడా తరిగిపోతోంది. వాడిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: పర్లాకిమిడి నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, ఇరవై ఏళ్లకు పైగా పిల్లులను పెంచుతున్న అనుభవంతో రాస్తున్నాను. మీ మొదటి పని మందు కాదు, తిట్టు కాదు, చూడటం. వాడు నిలబడి మూత్రం పోస్తున్నాడా, కూర్చుని పోస్తున్నాడా అన్నది మీరు కళ్లతో చూసి తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ రెండూ పిల్లికి రెండు వేర్వేరు పనులు. గోడకో గుంజకో వెనుదిరిగి, తోక నిటారుగా లేపి, ఆ తోక కొస సన్నగా వణుకుతుండగా వెనక్కు చిమ్మితే అది గుర్తు వేయడం. ఇది నా చోటు, నేను ఇక్కడ ఉన్నాను అని వాసనతో రాసుకోవడం. అలా కాక నేల మీదో దుప్పటి మీదో కూర్చుని మడుగు కట్టేటట్లు పోస్తే అది అవసరం తీర్చుకోవడం, అంటే తొట్టి నచ్చకపోవడమో, శరీరంలో బాధో.

మీరు రాసిన దాన్ని బట్టి గుంజ, గోడ మొదటి కోవకు చెందుతాయి. దుప్పటి మాత్రం నాకు అనుమానంగా ఉంది. ఒకే పిల్లి రెండు పనులూ చేయవచ్చు, కనుక రెంటినీ విడివిడిగా చూడండి.

కక్ష అన్న మాటను పెద్దవారికి నచ్చజెప్పి పక్కన పెట్టించండి. యాత్ర రోజుల్లో వాడికి తెలిసిన వాసనలన్నీ చెదిరిపోయాయి, కొత్త మనుషుల చెప్పులు, సంచులు, పక్కలు ఇల్లంతా నిండాయి, బయట డప్పులు. చెదిరిన చోటును మళ్లీ తనది చేసుకోవడానికి వాడికి చేతనైనది అదొక్కటే. ముక్కు ఆనించి మందలిస్తే, ఆ మూత్రానికీ ఆ దెబ్బకూ సంబంధం వాడికి అర్థం కాదు. మీరు దగ్గరకు వస్తే భయపడాలన్నది మాత్రమే అర్థమవుతుంది, ఆ భయం మళ్లీ గుర్తులు వేయడాన్ని పెంచుతుంది.

తొట్టి సంగతి. ఒక పిల్లి ఉంటే రెండు తొట్లు ఉండాలి, అంటే పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ. తొట్టి పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, కూనగా ఉన్నప్పుడు పెట్టిన తొట్టి ఇప్పుడు వాడికి ఇరుకై ఉంటుంది. మా ఇంట్లో మహేంద్రతనయ నది ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి వాడుతాము. మెత్తని ఇసుకను పిల్లులు ఇష్టపడతాయి, వాసన కలిపిన ఇసుకను చాలా వరకు ఇష్టపడవు. రోజుకు ఒకసారైనా ముద్దలు తీసివేయాలి. రెండవ తొట్టిని మొదటి దాని పక్కనే పెడితే పిల్లి లెక్కలో అది ఒకే తొట్టి అవుతుంది, కనుక వేరే చోట, అన్నం గిన్నెకు దూరంగా, జనం తిరగని మూలన పెట్టండి.

జవాబు 2: ఆస్కా నుంచి

ఇంత శ్రమ ఎందుకు? గోనెసంచిలో వేసి ఊరవతల చేపల బజారు దగ్గర వదిలివేయండి, దాని బతుకు అది బతుకుతుంది. మా చిన్నతనంలో అందరూ అదే చేసేవారు.

జవాబు 3: రాయగడ నుంచి, పశువైద్యుడు

పై సలహాను దయచేసి పాటించవద్దు. ఇంట్లో చేతి తిండితో పెరిగిన పిల్లిని తెలియని చోట వదిలితే అది ఆకలికో, కుక్కలకో, బండ్లకో బలి కావడమే ఎక్కువ. ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ఇక అసలు విషయం. ఉపాధ్యాయులు గారు చెప్పిన తేడా సరైనదే, అయితే వైద్యునిగా నేను వరుసను కొంచెం మారుస్తాను. ప్రవర్తన అని తీర్మానించే ముందు మూత్రాశయ వ్యాధి లేదని నిర్ధారించుకోవాలి. దుప్పటి మీద పోసిందంటే ఆ అనుమానం నాకూ ఉంది. మెత్తని, చల్లని చోట్లు వెతుక్కుంటూ కొద్దికొద్దిగా మూత్రం పోసే పిల్లుల్లో చాలావాటికి మూత్రాశయం వాపు ఉంటుంది, అది సూక్ష్మజీవుల వల్ల కాకుండా మానసిక ఒత్తిడి వల్ల కూడా వస్తుంది. ఇల్లంతా తలకిందులైన నెల తర్వాత ఇది కనిపించడం వింత కాదు. మూత్రం నమూనా పరీక్ష చేయించండి.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది, మగ పిల్లి ఉన్న ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవలసినది. వాడు పదేపదే తొట్టి దగ్గరకు వెళ్లి, ముక్కి, అరిచి, చుక్కో రెండు చుక్కలో మాత్రమే పోస్తూ, లేదా ఏమీ పోయలేక, వెనుక భాగాన్ని అదేపనిగా నాకుకుంటూ ఉంటే, అది మలబద్ధకం కాదు, మొండితనమూ కాదు. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది, ఇసుకరేణువుల వంటి స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డుపడితే పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి 24 నుంచి 48 గంటల్లో గుండె ఆగిపోవచ్చు. అటువంటి రాత్రి తెల్లవారే వరకు ఆగకూడదు.

మీవాడికి వృషణాలు తొలగించే శస్త్రచికిత్స అయినట్లు మీరు రాయలేదు, కాలేదనే అనుకుంటున్నాను. ఏడాది వయసు, వసంతంలో మొదలు కావడం, ప్రహరీ మీద మరో గండుపిల్లి, రాత్రి తలుపు దగ్గర అరుపు, ఇవన్నీ ఒక్క చోటికే తీసుకువెళ్తున్నాయి. వృషణాలు తొలగించిన మగ పిల్లుల్లో సుమారు 10లో 9 గుర్తులు వేయడం మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. ఐదారు నెలల వయసులో చేయించి ఉంటే బహుశా ఇది మొదలయ్యేదే కాదు, ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. అయితే హార్మోను శరీరం నుంచి తగ్గడానికి, అలవాటు వదలడానికి కొన్ని వారాలు పడుతుంది, మరునాటికే మారాలని ఎదురు చూడకండి. మీ ఊరిలో పిల్లికి మత్తు ఇచ్చి చేసే సదుపాయం దొరకకపోతే భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఆంధ్ర వైపు బంధువులున్నవారు గరివిడి కళాశాలకు కూడా తీసుకువెళ్తారు.

ఫినాయిల్ ఈ రోజే ఆపండి. ఫినాల్ కలిసిన పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచిన పాదాలను నాకుకున్నప్పుడు అది లోపలికి పోతుంది. జ్వరమని పారాసిటమాల్ ముక్క వేసినా పిల్లి చనిపోవడానికి కారణం ఇటువంటిదే. పైగా ఘాటు వాసన వచ్చిన చోట పిల్లి మళ్లీ తన వాసన వేయడానికే చూస్తుంది. బ్లీచింగ్ పౌడరు అసలే వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే మీ ఊపిరితిత్తులకే హాని చేసే వాయువు వస్తుంది. ఎంజైములున్న బట్టల సబ్బు పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి తుడిచి, మంచినీటితో మళ్లీ తుడిచి, ఆరిన తర్వాత సర్జికల్ స్పిరిట్ అద్దండి. చెక్క గుంజకు రంగు పోతుందేమో ముందు ఒక మూల చూసుకోండి. పూర్తిగా ఆరే వరకు గది తలుపులు తీసి ఉంచి, వాడిని దూరంగా ఉంచండి.

కిటికీ సంఘటనను మీరు ద్రోహంగా తీసుకోవద్దు. బయటి గండుపిల్లి మీదికి దూకలేక ఉడికిపోతున్న పిల్లికి ఆ క్షణంలో తాకిన చేయి ఎవరిదో తెలియదు, కోపం దగ్గరున్న దాని మీదికి మళ్లుతుంది. అటువంటప్పుడు చేయి వేయకుండా, మధ్యలో దిండో అట్టపెట్టో అడ్డంపెట్టి, గది తలుపు వేసి, చీకటిగా ఉంచి వదిలివేయాలి. కొన్నిసార్లు చల్లారడానికి గంటలు పడుతుంది. కిటికీ కింది అద్దాలకు కాగితం అంటించి బయటి పిల్లి కనిపించకుండా చేయండి.

కానీ మీ చేతి గాయం గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. పిల్లి కోర సన్నగా, సూదిలా లోతుకు దిగుతుంది, పైన చిన్నగా కనిపించినా లోపల చీము పడుతుంది. ఏ కాటునైనా వెంటనే ధారగా పోసిన నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మాట అడగాలి. ఈ కాటు జరిగి వారమైంది కనుక ఇప్పుడైనా ఆలస్యం చేయకుండా వెళ్లండి. మీవాడికి రేబిస్ టీకా వేయించి ఉండకపోతే అది కూడా వెంటనే వేయించండి.

చివరగా, మీరు అడగనిది ఒకటి చెప్పాలి, మీ ఇంట్లో నాకు అన్నిటికంటే భయం కలిగించేది అదే. మగ్గం చుట్టూ కండెల నుంచి రాలిన పట్టు పోగులు ఉంటాయి కదా. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలికి వంగి ఉంటాయి, ఒకసారి నాలుకకు చిక్కిన పోగును అది ఉమ్మలేదు, మింగవలసిందే. పోగు ఒక కొస నాలుక కింద చుట్టుకుని, రెండవ కొస పేగులోకి దిగితే, పేగు దాని మీదుగా గుడ్డకు కుచ్చు పెట్టినట్లు ముడుచుకుపోయి, చివరకు ఆ పోగే పేగును కోస్తుంది. పట్టు సన్నగా, తెగకుండా ఉండటం నేతకు గుణం, పిల్లి కడుపుకు ఆపద. నోటి నుంచో, వెనుక నుంచో పోగు వేలాడుతూ కనిపిస్తే ఎట్టి పరిస్థితిలోనూ లాగకండి. వాంతులు, తిండి మానడం, కడుపు ముట్టుకోనివ్వకపోవడం ఉంటే వెంటనే చూపించండి. రోజూ నేత ముగిశాక పోగులు ఊడ్చి మూత ఉన్న డబ్బాలో వేయడం మామగారికి అలవాటు చేయించండి.

జవాబు 4: గుణుపురం నుంచి, గృహిణి

అక్కా, వైద్యులు గారు చెప్పినవన్నీ ముందు చేయండి. మడమలు కరవడం గురించి మాత్రం నా మాట వినండి, మాదీ సీసాపాలతో పెరిగిన ఒంటరి కూనే. తోబుట్టువులతో పెరిగిన కూన గట్టిగా కరిస్తే అవతలిది కీచుమని ఆట మానేస్తుంది, అలా ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటుంది. చేత్తో పెంచిన కూనకు ఆ పాఠం దొరకదు, పైగా మనమే ముద్దుకు వేళ్లు ఆడిస్తాము. గుంటలో కదిలే కాళ్లు దాని కళ్లకు ఎలుకలే కదా.

ఇంట్లో అందరూ చేతులతో, కాళ్లతో ఆడించడం పూర్తిగా మానాలి, ఒక్కరు కొనసాగించినా ఫలితం ఉండదు. వెదురుపుల్లకు గట్టి గుడ్డపీలిక కట్టి, మామగారు మగ్గం ఎక్కే ముందు పది నిమిషాలు, రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు పరుగెత్తించండి. ఆట అయ్యాక పుల్లను బీరువాలో దాచండి, ఆ పీలిక కూడా మింగకూడదు. రాత్రి ఆట ముగిసిన వెంటనే కడుపునిండా తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్లు నాకుకుని, నిద్రపోవడం పిల్లి వరుస, మనం ఆ వరుసను మన నిద్రవేళకు జరుపుతున్నామన్నమాట. మూడున్నరకు అరిచినప్పుడు లేచి తిండి పెడితే అరుపుకు కూలి ఇచ్చినట్లే. ఆపేసిన మొదటి వారం అరుపు ఇంకా పెరుగుతుంది, నాకు ఆ వారం చాలా కష్టంగా గడిచింది, అయినా నిలబడాలి.

తిండి కూడా చూసుకోండి. పాలన్నం, పెరుగన్నంతో కడుపు నిండుతుంది కానీ పిల్లికి టౌరిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే అందాలి, లేకపోతే కొన్నాళ్లకు చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి.

గోళ్లు గీరడం గురించి మీరు రాయలేదు కానీ మగ్గం ఉన్న ఇంట్లో అది రాకమానదు. పిల్లి నిలువునా ఒళ్లు సాచి గీరగలిగేటట్లు మూడు అడుగుల ఎత్తు గుంజను, ఊగకుండా పాతి, కొబ్బరితాడు దగ్గరదగ్గరగా చుట్టి, అది నిద్రలేచే చోటు పక్కనే పెట్టండి. నేను పెరట్లో కలుపు తీస్తూ కుప్పింట మొక్కను వేరుతో సహా పెరికి పక్కన పడేస్తే, మా పిల్లి వచ్చి ఆ వేరుకు చెంపలు రుద్ది, దాని మీద పొర్లి, అరగంట వదలలేదు. అప్పటి నుంచి ఆ వేరును తాడుకు రుద్దుతున్నాను, మంచం కోళ్ల జోలికి పోవడం మానింది. ఇది తినిపించడానికి కాదు, రుద్దడానికి మాత్రమే.

ప్రశ్న అడిగినవారి నుంచి, ఆరు వారాల తర్వాత

సమాధానాలు ఇచ్చిన అందరికీ నమస్కారాలు. చదివిన మరుసటి ఉదయమే ఆసుపత్రికి వెళ్లాను. టీకాలు వేశారు, వేలికి చీము పట్టడం మొదలైంది కనుక మందులు కూడా ఇచ్చారు.

రెండు రాత్రులు మగ్గం గదిలో కూర్చుని చూశాను. గుంజ దగ్గర తోక వణికించడం ఉపాధ్యాయులు గారు రాసినట్లే కళ్లారా కనిపించింది. దుప్పటి మీద మాత్రం కూర్చుని కొంచెమే పోశాడు, పోసి ఒక్క అరుపు అరిచాడు. మూత్రం పరీక్షలో రక్తకణాలు కనిపించాయి, సూక్ష్మజీవులు లేవు. నొప్పికి మందు ఇచ్చి, తిండిలో నీళ్లు కలిపి పెట్టమన్నారు, నీటి గిన్నెను అన్నం గిన్నెకు దూరంగా జరపమన్నారు. పదిరోజులకు దుప్పటి తడవడం ఆగింది. తర్వాత శస్త్రచికిత్స చేయించాము. మొదటి రెండు వారాలు గుంజ మీద చిమ్మడం తగ్గలేదు, అప్పుడు నేను చాలా దిగులుపడ్డాను, మూడవ వారం నుంచి రెండే రెండుసార్లు జరిగింది. రెండవ తొట్టి మెట్ల కింద పెట్టాము, వసారాలో దానికంటే దీన్నే ఎక్కువ వాడుతున్నాడు.

మూడున్నర అరుపు ఇంకా పూర్తిగా పోలేదు, వారానికి రెండు రాత్రులు ఉంటుంది. కాళ్లు పట్టుకోవడం మటుకు తగ్గింది. మామగారు తానే పాత వెదురుపుల్లను చెక్కి పెట్టుకున్నారు, మగ్గం ఎక్కే ముందు దాన్ని నేల మీద రెండుసార్లు తట్టగానే వాడు పరుగున వస్తాడు. పోగుల డబ్బా కూడా ఆయన చేతి కిందే ఉంది. పాత పడుగు నుంచి కోసి తీసిన తుంపులను మొన్న నేను ఏమరుపాటున నేల మీద వదిలితే, నేత ఆపి, గుంటలో నుంచి లేచి వచ్చి, ఒక్కొక్కటిగా ఆయనే ఏరారు.